క్యాపిటల్ లెటర్ అంటే ‘గారు’ కాదు

“ఇంగ్లిష్‌లో క్యాపిటల్ లెటర్స్ – 10 గోల్డెన్ రూల్స్” అనే వాట్సాప్ మెసేజ్ మళ్లీ తిరుగుతోంది. మారతహళ్లి పీజీ కుర్రాళ్ల గ్రూపులో వచ్చింది, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఉగాదికీ సంక్రాంతికీ తప్ప నోరు మెదపని తెలుగు సంఘం గ్రూపులోనూ వచ్చింది. పైన జంట బాణాలు, కింద మూడు దణ్ణాలు, “ఉద్యోగం వెతుక్కుంటున్న మీ పిల్లలకి తప్పక పంపండి” అని ఒక తాకీదు. ఆ చివరి మాట లేకపోతే నవ్వుకుని వదిలేయొచ్చు. ఉన్న ఊరొదిలి బెంగళూరొచ్చి ఉద్యోగం వెతుక్కునేవాళ్లు దీన్ని నమ్మి రెజ్యూమేలు దిద్దుకుంటున్నారు కాబట్టే ఈ ఖండన.

పదింట్లో మొదటిది నిజమే: వాక్యం క్యాపిటల్‌తో మొదలవ్వాలి. నాలుగు గీతల కాపీ పుస్తకం ముట్టుకున్న ప్రతివాళ్లకీ తెలిసిన సంగతే, అయినా గోల్డెన్ రూల్ అంటే అననివ్వండి. మిగతావాటిని వాళ్లిచ్చిన వరసలో పట్టుకుంటే ఓపిక సగంలోనే అయిపోతుంది. ఊదితే ఎగిరిపోయేవి ముందు.

“మూడు: ‘ఐ’ని ఎప్పుడూ క్యాపిటల్‌లో రాయడం ఇంగ్లిష్‌వాడి అహంకారం. వినయం తెలిసినవాళ్లు చిన్న ఐ రాయాలి.” వినయం మంచిదే గానీ దానికీ దీనికీ చుట్టరికం లేదు. పాత ఇంగ్లిష్‌లో ఈ మాట ‘ఇచ్’. చివరి హల్లు అరిగిపోయి ఒక్క అక్షరమే మిగిలింది. చేతిరాత ప్రతుల్లో ఒంటరి చిన్న ఐ పక్కమాటకి అతుక్కుపోయేది, లేదా కలం జారిన గీతలా కంటికి ఆనేది కాదు. అందుకని దాన్ని పొడుగ్గా సాగదీశారు, అదే నిలిచిపోయింది. అహంకారమే అయితే ‘మై’, ‘మీ’ కూడా పెద్దక్షరాలతోనే ఉండాలిగా? వాట్సాప్‌లో చిన్న ఐ కొట్టుకోండి, ఎవరూ ఏమీ అనరు. కవర్ లెటర్‌లో కొడితే కనబడేది వినయం కాదు, బద్ధకం.

“నాలుగు: వారాలు, నెలలు, రుతువులు, దిక్కులు – అన్నీ క్యాపిటల్.” సగం ఒప్పు. వారాలకీ నెలలకీ పండగలకీ అవును. రుతువులకి కాదు, సమ్మర్, వింటర్, మాన్‌సూన్ చిన్నక్షరాలే. దిక్కు దిక్కుగా ఉన్నంతసేపు చిన్నది, ఒక ప్రాంతం పేరులో చేరితే పెద్దది. దేవనహళ్లి బెంగళూరుకి నార్త్‌లో ఉందనేటప్పుడు ఎన్ చిన్నది. సౌత్ ఇండియా అన్నప్పుడు ఎస్ పెద్దది.

“అయిదు: కోలన్ తర్వాత ఎప్పుడూ క్యాపిటల్.” ఎప్పుడూ కాదు. బ్రిటిష్ పద్ధతిలో కోలన్ తర్వాత పేరొస్తే తప్ప చిన్నక్షరమే. అమెరికా పత్రికలు వాడే ఏపీ పద్ధతిలో పూర్తి వాక్యం వస్తే క్యాపిటల్ (ఏపీ అంటే మన ఆంధ్రప్రదేశ్ కాదు, అసోసియేటెడ్ ప్రెస్). అక్కడి పుస్తకాలవాళ్ల షికాగో పద్ధతిలో వెనకాల రెండో అంతకన్నా ఎక్కువో వాక్యాలు వస్తే క్యాపిటల్. మీ క్లయింట్ ఏ దేశంవాడో చూసుకుని ఒక పద్ధతి పట్టుకోండి, డాక్యుమెంట్ చివరిదాకా దాన్ని వదలకండి.

“ఎనిమిది: శీర్షికల్లో పెద్ద మాటలకి క్యాపిటల్, చిన్న మాటలకి స్మాల్. అందుకే ‘ఈజ్’, ‘ఇట్’, ‘బీ’ చిన్నవి.” చూడాల్సింది మాట పొడుగు కాదు, అది చేసే పని. ఈజ్, బీ క్రియలు, ఇట్ సర్వనామం. రెండక్షరాలే అయినా వీటికి క్యాపిటల్ పడాల్సిందే. పీపీటీ స్లైడ్ల మీద ఎక్కువ కనబడే తప్పు ఇదే. చిన్నగా ఉండేవి ఎ, ఆన్, ది. అండ్, బట్, ఆర్ లాంటి కలిపే మాటలు. మన విభక్తుల పని చేసే ఇన్, ఆఫ్, టు లాంటివి. ఈ చివరి రకంలో మాత్రం అక్షరాలు లెక్కపెట్టాలి. ఏపీ పద్ధతిలో నాలుగూ ఆపైన అక్షరాలుంటే క్యాపిటల్, అంటే విత్, ఫ్రమ్ పెద్దవవుతాయి. షికాగోలో 2024లో వచ్చిన 18వ కూర్పు నుంచి అయిదూ ఆపైన ఉంటే క్యాపిటల్, అంటే అక్కడ విత్ చిన్నదే, అబౌట్ పెద్దది. ఇంత తలనొప్పి అక్కర్లేదనుకుంటే గూగుల్, మైక్రోసాఫ్ట్ శైలి సూచనల దారి పట్టండి: రెండూ శీర్షికని మామూలు వాక్యంలాగే రాయమంటాయి. మొదటి మాటకి క్యాపిటల్, పేర్లకి క్యాపిటల్, అయిపోయింది.

ఇక అసలు రోగానికి వద్దాం.

“రెండు: ముఖ్యమైన మాటలకీ, గౌరవం ఇవ్వాల్సిన మాటలకీ క్యాపిటల్ పెట్టాలి. ఉదా: మేనేజర్, టీమ్, ప్రాజెక్ట్, క్లయింట్, డిపార్ట్‌మెంట్, డిగ్రీ, ఎక్స్‌పీరియన్స్.” మిగతావాటిలో చాలా భాగం దీని పిలకలే.

మన లిపిలో పెద్దా చిన్నా లేవు. తెలుగులో లేవు, కన్నడంలో లేవు, తమిళంలో లేవు. తలకట్టు ఉంది గానీ అదేం తలపాగా కాదు, చాలా అక్షరాలకి పెడతాం. గౌరవాన్ని మనం మాటలోనే పెట్టుకుంటాం: పేరు పక్కన గారు, నువ్వు బదులు మీరు, వచ్చాడు బదులు వచ్చారు. ఇంగ్లిష్‌లోకి అడుగు పెట్టేసరికి ఇవేవీ లేవు. డైరెక్టర్‌కీ డ్రైవర్‌కీ ఒకటే ‘యూ’. పెద్దవాళ్ల గురించి రాస్తూ ఏ మర్యాదా లేకుండా వదిలేయడానికి మనకి చెయ్యి రాదు. కంటి ముందు క్యాపిటల్ లెటర్ కనబడింది, దాన్నే ‘గారు’ చేసేసుకున్నాం. మేనేజర్‌కి పెద్ద ఎమ్ పెడితే మన లెక్కలో మేనేజర్‌గారు. ఇంగ్లిష్ చదివేవాళ్లకి ఆ ‘గారు’ వినబడదు. మేనేజర్ అనేది ఎవరిదైనా పేరా, లేక అదొక సాఫ్ట్‌వేరా అని ఒక క్షణం ఆగుతారు. ఒక పేజీలో అలా నలభైసార్లు ఆగాల్సి వస్తే ఆ పేజీ పక్కన పెట్టేస్తారు.

క్యాపిటల్ చెప్పేది ‘ఇది ఫలానాదాని పేరు’ అని, అంతే. కబ్బన్ పార్క్‌లో పి పెద్దది, ఆ రెండు మాటలూ కలిసి ఒక చోటి పేరు కాబట్టి. పొద్దున్నే పార్క్‌లో నడిచాను అంటే పి చిన్నది, నడిచింది కబ్బన్ పార్క్‌లోనే అయినా సరే. అవుటర్ రింగ్ రోడ్‌లో మూడూ పెద్దవి. ప్రతి ఊరికీ ఒక రింగ్ రోడ్ కావాలి అంటే రెండూ చిన్నవి. మెట్రోలో పర్పుల్ లైన్‌కి పెద్ద పి, పెద్ద ఎల్. పిల్లాడు నోటుబుక్కులో ఊదారంగు గీత గీస్తే అదీ పర్పుల్ లైనే, కాకపోతే చిన్నక్షరాల్లో. వైట్‌ఫీల్డ్ ఒకే మాట, ఒకే క్యాపిటల్. దాన్ని విడగొట్టి ఎఫ్‌ని కూడా పెద్దది చేసే బోర్డులు ఊరినిండా ఉన్నాయి.

ఇంకా అనుమానం ఉంటే మందుల షాపుకి వెళ్లండి. క్రోసిన్, డోలో కంపెనీలు పెట్టుకున్న పేర్లు, వాక్యం నడుమ వచ్చినా పెద్దక్షరమే. లోపలున్న మందు పారాసెటమాల్, దానికి చిన్న పి. జ్వరం దించేది పారాసెటమాలే కదా, అంతకన్నా ముఖ్యమైనది ఆ రేకులో ఇంకేముంది? అయినా చిన్నక్షరమే. ముఖ్యమైనదానికి క్యాపిటల్ అనే సూత్రం ఈ ఒక్క మాత్ర దగ్గరే కరిగిపోతుంది.

రెజ్యూమేలో దీన్ని ఎలా వాడాలి? తేదీల పక్కన విడిగా వచ్చే పదవి పేరు శీర్షికలాంటిది, ‘సీనియర్ టెస్ట్ ఇంజనీర్, 2019–2023’ అని మూడు క్యాపిటల్స్‌తో రాసుకోవచ్చు. కింద వాక్యంలో ‘సీనియర్ టెస్ట్ ఇంజనీర్‌గా పనిచేశాను’ అని వచ్చేసరికి మూడూ చిన్నవైపోవాలి. ఆరుగురు డెవలపర్ల టీమ్‌తో ప్రాజెక్ట్ నడిపాను అనే వాక్యంలో డెవలపర్ డి, టీమ్ టి, ప్రాజెక్ట్ పి మూడూ చిన్నవే. హ్యూమన్ రిసోర్సెస్ డిపార్ట్‌మెంట్ అని కంపెనీ పెట్టుకున్న పూర్తి పేరు రాస్తే పెద్దవి. హెచ్‌ఆర్ పని చేశానని చెప్పడానికి హ్యూమన్ రిసోర్సెస్ అని విడదీసి రాస్తే చిన్నవి. మాస్టర్ ఆఫ్ టెక్నాలజీ అని డిగ్రీ పూర్తి పేరుకి ఎమ్, టి పెద్దవి, నడుమ ఆఫ్ చిన్నది. మాస్టర్స్ డిగ్రీ అని ఊరికే అంటే ఏదీ పెద్దది కాదు. సబ్జెక్టుల్లో ఫిజిక్స్, మ్యాథ్స్, ఎకనామిక్స్ చిన్నవి. ఇంగ్లిష్, తెలుగు, కన్నడ భాషల పేర్లు కాబట్టి ఎక్కడైనా పెద్దవే. పదో తరగతి తెలుగు మీడియం అని రాసేటప్పుడు తెలుగుకి చిన్న టి, మీడియంకి పెద్ద ఎమ్ పెట్టినవి తరచూ కనబడతాయి. సరిగ్గా తలకిందులు.

చిన్న పరీక్ష ఒకటి ఉంది. మాట ముందు ‘ఎ’ పెట్టగలిగితే, లేదా దాన్ని బహువచనం చేయగలిగితే, దాదాపుగా అది చిన్నక్షరమే: ఎ మేనేజర్, టూ ప్రాజెక్ట్స్. దాదాపుగా అని ఎందుకన్నానంటే ఎ మారుతి, టూ మారుతీస్ అనీ అనొచ్చు, అయినా అక్కడ పెద్ద ఎమ్మే. ఆ పేరుని ఒకరు పనిగట్టుకుని పెట్టారా, లేక ఆ రకం వస్తువుకి ఉన్న మాటేనా అనేది రెండో ప్రశ్న.

బెంగళూరు రెజ్యూమేల్లో ఇంకో పీడ ఉంది. కంప్యూటర్ భాషల, సాఫ్ట్‌వేర్ల పేర్లనే తప్పుగా రాయడం. జావా పొడి అక్షరాల కూర్పు కాదు, నాలుగు అక్షరాలూ పెద్దవిగా రాయడానికి, విడదీస్తే వచ్చే పూర్తి పేరేమీ దానికి లేదు. జె ఒక్కటే పెద్దది. పైథాన్, లినక్స్, పెర్ల్ కూడా అంతే. ఎస్‌క్యూఎల్, శాప్, కోబాల్ అన్నీ పెద్దవి. జావాస్క్రిప్ట్‌లో జె, ఎస్ పెద్దవి, మాటలు విడిపోవు. గిట్‌హబ్‌లో జి, హెచ్. మాక్‌ఓఎస్ చిన్న ఎమ్‌తో మొదలై చివర ఓ, ఎస్ పెద్దవవుతాయి. జేక్వెరీలో జె చిన్నది, క్యూ పెద్దది. వీటికి తర్కం వెతక్కండి, పెట్టినవాళ్లు ఎలా రాస్తే అలా రాయడమే. ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఇలాంటివి ఇట్టే పట్టేస్తారు. జావా మీద అయిదేళ్ల అనుభవం అని రాసి ఆ పేరే తప్పు రాస్తే, అయిదేళ్లుగా దేన్ని చూశారని అడక్కుండా ఉంటారా?

దిద్దుకోవడం తేలికే. వర్డ్‌లో పేరా సెలెక్ట్ చేసి షిఫ్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి (లాప్‌టాప్‌లో చాలావాటికి ఎఫ్‌ఎన్ కూడా పట్టుకోవాలి). నొక్కిన కొద్దీ అన్నీ చిన్నవి, అన్నీ పెద్దవి, మొదటి అక్షరం పెద్దది అని మారుతూ ఉంటుంది. అన్నీ చిన్నవి దగ్గర ఆగి, అక్కణ్నుంచి పైకి లేపుకుంటూ రండి: వాక్యాల మొదళ్లు, మనుషుల, కంపెనీల, ఊళ్ల పేర్లు, నెలలు, భాషలు, టెక్నాలజీ పేర్లు, పొడి అక్షరాలు. దించడంకన్నా లేపడం మేలు, ఎందుకు లేపుతున్నామో ప్రతిదానికీ ఒక జవాబు చెప్పుకోవాలి కాబట్టి. పొడవాటి డాక్యుమెంట్ అయితే ఫైండ్‌లో ‘మ్యాచ్ కేస్’ టిక్ చేసి పెద్ద ఎమ్ మేనేజర్లని మాత్రమే వెతికి పట్టుకోవచ్చు. గూగుల్ డాక్స్‌లో ఫార్మాట్, టెక్స్ట్, క్యాపిటలైజేషన్ కింద ఇవే ఉంటాయి. ఎక్సెల్‌లో పేర్ల పట్టికకి ‘ప్రాపర్’ ఫంక్షన్ వాడేవాళ్లు మాత్రం తర్వాత ఒకసారి కళ్లతో చూసుకోండి. అది ఐబీఎమ్‌లో బి, ఎమ్‌లని చిన్నవి చేసేస్తుంది, అపాస్ట్రఫీ తర్వాతి ఎస్‌ని పెద్దది చేసేస్తుంది.

ఇప్పుడు ఆ మెసేజ్ రాసినవాళ్ల తరఫున నేనే వాదిస్తాను, వాళ్లకి చేతకాలేదు కాబట్టి. ముఖ్యమైన నామవాచకాలకి క్యాపిటల్ పెట్టడం ఇంగ్లిష్‌లో ఒకప్పుడు నిజంగానే ఉంది. 1787లో చేత్తో రాసిన అమెరికా రాజ్యాంగం ప్రతి చూడండి, నామవాచకాలు చాలామటుకు పెద్దక్షరాలతోనే ఉంటాయి. జర్మన్‌లో ఈరోజుకీ ప్రతి నామవాచకానికీ క్యాపిటలే. డేనిష్‌వాళ్లు అదే పద్ధతిలో ఉండి 1948లో మానుకున్నారు. అంచేత రెండో రూలు అబద్ధం కాదు, రెండొందల ఏళ్ల పైచిలుకు ఆలస్యం. దేవుణ్ని ‘హీ’ అనేటప్పుడు భక్తులు పెద్ద హెచ్ పెట్టడం కూడా గౌరవమే, కాదనను. ఒప్పందాల్లో అయితే క్యాపిటల్‌కి అక్షరాలా డబ్బు విలువ ఉంది. 11 నెలల అద్దె అగ్రిమెంట్లో మొదట ‘ది డిపాజిట్’ అంటే ఇంత అని నిర్వచించి, తర్వాత పెద్ద డితో డిపాజిట్ అని ఎక్కడొచ్చినా ఆ మొత్తమే అని అర్థం. చిన్న డి పడితే అది ఏ డిపాజిట్ అని వాదనకి సందు దొరుకుతుంది. భారత రాజ్యాంగం 12వ అధికరణంలో పెద్ద ఎస్‌తో ‘స్టేట్’ అంటే ఏమేమిటో చెప్పారు. అక్కడ కూడా జరిగింది పేరు పెట్టడమే. మీ రెజ్యూమేలో టీమ్ అంటే ఏమిటో మీరు నిర్వచించలేదు కదా.

మర్యాద గురించి ఒక్క మాట. డియర్ సర్‌లో ఎస్ పెద్దది, ఉత్తరం మొదట్లో వచ్చే పిలుపు కాబట్టి. వాక్యం చివర థాంక్యూ, సర్ అనేటప్పుడు చిన్నది. అంకుల్, ఆంటీ అని పేరుకి బదులుగా పిలిస్తే పెద్దవి. మై అంకుల్ అంటే చిన్నది. యువర్స్ ఫెయిత్‌ఫుల్లీలో వై ఒక్కటే పెద్దది, ఎఫ్ చిన్నది. ఆ ఎఫ్‌ని పెద్దది చేస్తే విశ్వాసమేమీ పెరగదు.

“పది: అధికారిక మెయిల్ మొత్తం క్యాపిటల్స్‌లో రాస్తే సీరియస్‌గా తీసుకుంటారు.” తీసుకుంటారు, మీకేదో ఆపద వచ్చిందని. అన్నీ పెద్దక్షరాలైతే ఏది పేరో ఏది మామూలు మాటో తెలిసే వీలు పోతుంది. ‘సెండ్ ఇట్ టు అజ్’ అని అన్నీ క్యాపిటల్స్‌లో కొట్టి చూడండి: ఇట్ కాస్తా ఐటీ, అజ్ కాస్తా యూఎస్. ఐటీని అమెరికాకి పంపండి! బెంగళూరు ఎన్నో ఏళ్లుగా చేస్తున్న పనే అయినా మీ మెయిల్ ఉద్దేశం అది కాదు. ఒకప్పుడు అన్నీ పెద్దక్షరాల్లో పంపింది టెలిప్రింటర్లకి చిన్నవి లేక. ఆ అలవాటునే పట్టుకుని వేలాడిన అమెరికా వాతావరణ శాఖ కూడా 2016 మేలో మానేసింది. మనవాళ్లకి ఇంకా కబురు అందినట్టు లేదు.

“ఏడు: కొలతలన్నీ క్యాపిటల్స్‌లో: కేజీ, కేఎమ్, ఎమ్‌ఎల్, ఎమ్‌జీ.” నవ్వొచ్చే రూలు కాదిది. కొలతల్లో పెద్దకీ చిన్నకీ అర్థమే వేరు. చిన్న ఎమ్ మిల్లీ, అంటే వెయ్యో వంతు; పెద్ద ఎమ్ మెగా, అంటే పది లక్షలు. మిల్లీవాట్‌కీ మెగావాట్‌కీ తేడా వంద కోట్ల రెట్లు. కిలోకి గుర్తు చిన్న కె. పెద్ద కె అంటే కెల్విన్, ఉష్ణోగ్రత. కరెంటు బిల్లు మీద యూనిట్ అంటే కిలోవాట్‌అవర్: చిన్న కె, పెద్ద డబ్ల్యూ, చిన్న హెచ్. మనుషుల పేర్ల మీద వచ్చిన యూనిట్లకి గుర్తు పెద్దది, పూర్తి మాట చిన్నది. వాట్, వోల్ట్, ఆంపియర్ అని విడదీసి రాస్తే చిన్నవి. గుర్తులు డబ్ల్యూ, వి, ఎ పెద్దవి. లీటరు మనిషి పేరు కాదు, అయినా చిన్న ఎల్ ఒకటి అంకెలా కనబడుతోందని 1979లో పెద్ద ఎల్‌ని కూడా ఒప్పుకున్నారు. కేజీ రెండూ చిన్నవి, చివర ఎస్ తగిలించక్కర్లేదు.

ఇంటర్నెట్ ప్లాన్ల దగ్గర ఈ తేడా జేబుకి తగులుతుంది. 100 ఎమ్‌బీపీఎస్‌లో బి చిన్నది, అంటే బిట్. ఫైలు సైజులో బి పెద్దది, అంటే బైట్, 8 బిట్లు. 100ని 8తో భాగిస్తే సెకనుకి 12.5 మెగాబైట్లు. 1 జీబీ ఫైలు దిగడానికి ఎంత లేదన్నా 80 సెకన్లు పడుతుంది. పది సెకన్లలో దిగలేదని కేబుల్ కుర్రాడి మీద అరిచే ముందు ఆ బి ఏ సైజులో ఉందో చూడండి. ఎమ్‌జీ సంగతి బెంగళూరువాళ్లకి ఇంకా తేలిగ్గా గుర్తుంటుంది: రోడ్డు ఎమ్‌జీ పెద్దది, మాత్ర ఎమ్‌జీ చిన్నది. ఎమ్ పెద్దది, జి చిన్నది అయితే అది రోడ్డూ కాదు మాత్రా కాదు, మెగ్నీషియం.

“తొమ్మిది: ఆధార్‌లో పేరు చిన్నక్షరాల్లో, పాన్‌లో, పాస్‌పోర్ట్‌లో క్యాపిటల్స్‌లో ఉంటే ముగ్గురు వేర్వేరు మనుషుల కింద లెక్క. వెంటనే అఫిడవిట్ చేయించుకోండి.” పదింట్లో జనానికి డబ్బు వదిలించేది ఇదే. ఆధార్ మీద పేరు మామూలుగా మొదటి అక్షరాలే పెద్దవిగా అచ్చవుతుంది. పాన్ మీద, పాస్‌పోర్ట్ మీద అన్నీ పెద్దవి. దాదాపు అందరికీ ఇంతే! ఇది తేడా కింద లెక్కయితే దేశంలో నోటరీలు చాలరు. పాస్‌పోర్ట్ అడుగున మెషీన్ చదివే రెండు వరసలుంటాయి, ఒక్కోదాంట్లో 44 గళ్లు. ఆ గళ్లలో పెద్దక్షరాలు, అంకెలు, ఖాళీ నింపే కోణపు గుర్తు తప్ప మరోటి పట్టదు. ఫారాల మీద బ్లాక్ లెటర్స్‌లో నింపమనేది కలిపిరాత చదవలేక, అంతే.

పని ఆగేది వేరే వాటి దగ్గర. ఒకచోట వెంకటేశ్వర రావు అని విడిగా, ఒకచోట వెంకటేశ్వరరావు అని కలిపి. ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తి ఇంటిపేరు. ఒకచోట లక్ష్మికి చివర ఐ, ఒకచోట డబుల్ ఇ. వాటిని సరిచేయించుకోండి. పాస్‌పోర్ట్ దరఖాస్తులో పొడి అక్షరాలు రాయకుండా పూర్తిగా విడదీసి నింపండి. ఇంటిపేరు గడి ఖాళీ వదిలేస్తే అమెరికా వీసా మీద మీ సొంత పేరు ఇంటిపేరు చోటుకి జరిగి, పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది: పేరు తెలియదు అని.

పెద్దా చిన్నా తేడాతో నిజంగా చుక్కలు చూపించే చోట్లు రెండున్నాయి, మెసేజ్‌లో అవే లేవు. డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్ పీడీఎఫ్‌కి పాస్‌వర్డ్ పేరులో మొదటి నాలుగు అక్షరాలు క్యాపిటల్స్‌లో, వెంటనే పుట్టిన సంవత్సరం. పేరు పొడి అక్షరంతో మొదలైతే చుక్క కూడా ఒక అక్షరం కింద లెక్క, ఖాళీ లెక్క కాదు. పి, చుక్క, తర్వాత కుమార్ అయితే పి, చుక్క, కె, యు. ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల ఏఐఎస్ (ఏడాది ఆదాయం, లావాదేవీల జాబితా) పీడీఎఫ్‌కి మాత్రం పాన్ నంబరు చిన్నక్షరాల్లో, వెంటనే పుట్టిన తేదీ, నెల, సంవత్సరం ఎనిమిది అంకెలు. ఒకే మనిషి, ఒకే ప్రభుత్వం, ఒకదానికి పెద్దవి, ఒకదానికి చిన్నవి. జూలైలో రిటర్ను వేసే రోజు ఫైలు తెరుచుకోకపోతే ముందు క్యాప్స్ లాక్ చూడండి. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ అయితే అందులో పెద్ద ఓ అనుకునే అయిదో గడి ఓ కాదు, సున్నా.

మిగిలింది ఆరు. “ఇంటిపేరు మొత్తం క్యాపిటల్స్‌లో రాయండి.” దీన్ని కూడా ఉతికేద్దామనే మొదలుపెట్టాను, కుదర్లేదు. మన ఇంటిపేరు ముందొస్తుంది, బయటివాళ్లకి ముందొచ్చేది సొంత పేరు. పక్క టీమ్‌లోని జర్మనీవాడు మిమ్మల్ని ఏళ్ల తరబడి ఇంటిపేరుతో ముద్దుగా పిలుస్తూ ఉంటాడు, చెప్పడానికి మీకు మొహమాటం. ఫ్రెంచివాళ్లు ఈ చిక్కు లేకుండా ఇంటిపేరుని పూర్తిగా పెద్దక్షరాల్లో రాస్తారు. జపాన్ ప్రభుత్వం 2020 జనవరి నుంచి ఇంగ్లిష్ పత్రాల్లో తమ పద్ధతిలో ఇంటిపేరే ముందు రాస్తూ, తికమక రాకుండా అవసరమైన చోట దాన్ని అన్నీ క్యాపిటల్స్‌లో పెడుతోంది. మెయిల్ కింద సంతకంలో, విజిటింగ్ కార్డు మీద, కాన్ఫరెన్స్ బ్యాడ్జి మీద మనమూ అలా రాసుకోవచ్చు. ఇంటిపేరుకి, సొంత పేరుకి వేర్వేరు గడులున్న ఫారాల్లో అవసరం లేదు.

ఈ ఆరోది రాసినవాళ్లూ మిగతావి రాసినవాళ్లూ ఒకరేనంటే నమ్మబుద్ధి కావడం లేదు.